ఐదో నెలలో పన్ను నొప్పి, పాప పళ్ల మీద తెల్ల మచ్చలు: ఇద్దరినీ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించొచ్చా?

ప్రశ్న: నాకు ఐదో నెల. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం, పైగా కింది దవడ పన్ను ఒకటి రాత్రిళ్లు జివ్వుమని లాగుతోంది. కాన్పయ్యేదాకా పళ్ల జోలికి వెళ్లొద్దంటున్నారు అత్తయ్య. రెండేళ్ల పాపకి పై పళ్ల మీద చిగురు అంచునే తెల్లటి గీత కనిపిస్తోంది. పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే అని వదిలేయొచ్చా?

జవాబు: కాన్పుదాకా ఆగొద్దండి. నాలుగు నుంచి ఆరో నెల లోపే వైద్యానికి అన్నిటికన్నా వీలు, తర్వాత పొట్టతో ఆ కుర్చీలో వెల్లకిలా పడుకోవడమే కష్టం. పుచ్చు నింపడం, రూట్ కెనాల్, తప్పదంటే పీకడం కూడా చేస్తారు. లిడోకైన్ మత్తు ఇంజెక్షన్‌కి టెన్షన్ పడక్కర్లేదు, పంటి ఎక్స్‌రేలో రేడియేషన్ కూడా చాలా తక్కువ. అసలు భయపడాల్సింది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలకి: ఐబుప్రొఫెన్ జాతి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక వద్దంటారు, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయితే పుట్టబోయే బిడ్డ పళ్లకి రంగు పట్టిస్తుంది. ఎన్నో నెలో డాక్టరుకి ముందే చెప్పండి. ముఖం వాచినా జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లండి.

ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ల విభాగం ఉండదు, కాబట్టి నెల చెకప్‌కి వెళ్లినప్పుడే ఎక్కడికి రాసిస్తారో అడగండి, పాపనీ చూడమనండి.

ఇంకొకరు: ఆ తెల్ల గీత పుచ్చుకి మొదలు. గోధుమరంగుకి తిరిగి గుంట పడకముందే చూపిస్తే ఫ్లోరైడ్ వార్నిష్ (పంటిని గట్టిపరిచే పూత) పూస్తారు, నొప్పుండదు, నిమిషాల పని. వెనక పాలపళ్లు 10-12 ఏళ్లదాకా ఉంటాయి, ఊడేవే కదా అని వదిలేసే లెక్క కాదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతోందా?

ప్రశ్న అడిగినవారు: అవునండీ, అది లేకపోతే ఏడుపే. పేస్టు మింగేస్తుందని ఫ్లోరైడ్ లేనిది వాడుతున్నా.

జవాబు: 1000 పీపీఎం (పేస్టులో ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పే లెక్క) ఫ్లోరైడ్ ఉన్నదే తీసుకోండి, మూడేళ్లలోపు బియ్యపు గింజంత చాలు, ఆ కాస్త మింగినా ఏం కాదు. తల మీ ఒళ్లో పెట్టుకుని, పై పెదవి వేలితో ఎత్తి మీరే తోమండి. సీసా ఒక్కసారిగా మానదు లెండి, పాలు పడుకునే ముందే తాగించి పళ్లు తోమేసి, రాత్రి అడిగితే నీళ్లే ఇవ్వండి, కొన్నాళ్లు గొడవ చేస్తుంది.