మెల్‌బోర్న్‌కు కొత్తగా వస్తున్నాం, చవకలో ఏ ఏరియా చూసుకోవాలి?

హనుమకొండ నుంచి:

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ, నక్కలగుట్ట. మార్చిలో మెల్‌బోర్న్ వస్తున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప. నా ఆఫీసు డాక్‌లాండ్స్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. ఆవిడకు అక్కడికి వచ్చాక ఉద్యోగం వెతకాలి. తనకు కారు నడపడం రాదు.

ఆన్‌లైన్‌లో చూస్తుంటే సిటీకి దూరం పోయేకొద్దీ అద్దె తగ్గుతోంది. టార్నీట్ మంచిదని ఒకరు, క్లైడ్ అని ఒకరు, మెల్టన్ అయితే ఇంకా తక్కువని మరొకరు చెప్పారు. ఇక్కడి నుంచే ఇల్లు మాట్లాడుకుని వస్తే హోటల్ ఖర్చు మిగులుతుంది కదా అనుకుంటున్నాం. ఫేస్‌బుక్‌లో ఒకాయన ఫొటోలు పంపి, ముందు కొంత డబ్బు వేస్తే ఇల్లు ఆపుతానంటున్నాడు. రోజూ ఇదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

టార్నీట్ నుంచి, సొంతూరు కాజీపేట:

తమ్మీ, మిగతావన్నీ తర్వాత. ఆ ఫేస్‌బుక్ ఆయనకు ఒక్క డాలర్ కూడా పంపకు. ఇల్లు కళ్లతో చూడకుండా, తలుపు తీసి లోపల నడవకుండా డబ్బు కట్టవద్దు. ఇక్కడ అద్దె ఇళ్లు చాలావరకు ఏజెంట్ల ద్వారా, ఇన్‌స్పెక్షన్ టైమ్ పెట్టి చూపిస్తారు. పది పదిహేను నిమిషాలే ఇస్తారు, అయినా లోపలికి వెళ్లి చూడవచ్చు. బాండ్, అంటే మన దగ్గర అడ్వాన్స్ లాంటిది, ఏజెంట్ జేబులో ఉండదు. విక్టోరియా, అంటే ఈ రాష్ట్రం, ప్రభుత్వ బాండ్ అథారిటీలో నీ పేరు మీద జమ అవుతుంది. ఎవరైనా సొంత అకౌంట్‌కు వేయమంటే అక్కడే ఆగిపో.

లీజు మామూలుగా 12 నెలలకు రాయించుకుంటారు. మధ్యలో వదిలితే కొత్తవాళ్లు దొరికేదాకా నష్టం నీదే. అందుకే మొదటి మూడు నాలుగు వారాలు ఫుట్‌స్క్రే లేదా సన్‌షైన్ దగ్గర ఒక గది తీసుకుని ఉండండి. రెండూ రైళ్లు కలిసే చోట్లు. అక్కడి నుంచి శనివారాలు ఇళ్లు చూడటానికి వెళ్లవచ్చు. ఆ గదికి పెట్టే డబ్బు దండగ కాదు. నేను ఆ డబ్బు మిగిల్చుకోవాలని ఫొటోలు చూసి లీజుకు ఒప్పుకున్నాను. స్టేషన్ మూడు కిలోమీటర్లు, బస్సు గంటకు ఒకటి. ఏడాదంతా ఆ ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది.

ఇక అద్దె లెక్క. ఇక్కడ వారం అద్దె చెబుతారు, కట్టేది మాత్రం నెలకు. మనవాళ్లు నాలుగుతో గుణించి పొరపడతారు. వారానికి 480 డాలర్లు అనుకో. నాలుగు వారాల లెక్కలో 1920 వస్తుంది. ఏడాదికి 52 వారాలు కాబట్టి 480ని 52తో గుణించి 12తో భాగించాలి. అప్పుడు నెలకు 2080. బాండ్ కూడా దాదాపు ఒక నెల అద్దె. అంటే తాళం చేతికి వచ్చే రోజుకు 4 వేల పైన చేతిలో ఉండాలి. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఇంకా కొననే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ ఏరియా చవక అని అందరూ అద్దె చూసి చెబుతారు. నేను రెండో కారు చూసి చెబుతాను. వారానికి 60 డాలర్లు తక్కువని దూరం వెళితే ఏడాదికి 3120 మిగులుతుంది. ఆ ఇంటి నుంచి నువ్వు స్టేషన్‌కు కారులో వెళితే చెల్లె ఇంట్లో ఇరుక్కుపోతుంది. పాపను స్కూల్లో దింపాలంటే ఇంకో కారు కొనాలి. ఒక్క రిజిస్ట్రేషనే ఏడాదికి 900 డాలర్ల పైచిలుకు. ఆపైన ఇన్సూరెన్స్, పెట్రోల్, సర్వీసింగ్, టైర్లు, కారు కొన్న అప్పు. మిగిల్చిన 3120 ఎటుపోతుందో కనబడదు. ఒక్క కారుతో ఇల్లు నడిచే చోటు చూసుకో, అద్దె కాస్త ఎక్కువైనా సరే.

మా కాజీపేటలో ఎంతోమంది పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసుకుని రాత్రికి ఇల్లు చేరతారు. అటు 130 కిలోమీటర్ల పైన, మళ్లీ ఇటు అంతే. అది ఎలా కుదురుతోంది? ఇంటి నుంచి స్టేషన్ పది నిమిషాలు కాబట్టి, నడిచినా ఆటో ఎక్కినా అందుతుంది కాబట్టి. ఇక్కడ ఆటో లేదు. సిటీ ఎంత దూరమని కాదు, స్టేషన్ ఎంత దూరమని అడుగు. టికెట్ ఖర్చు కూడా దూరాన్ని బట్టి పెరగదు. 2023 మార్చి 31 నుంచి విక్టోరియా అంతటా రోజుకు ఇంతకు మించి తీసుకోరనే హద్దు మెల్‌బోర్న్‌కూ, 75 కిలోమీటర్ల అవతలి జీలాంగ్‌కూ ఒకటే.

నీ ఆఫీసు డాక్‌లాండ్స్ కాబట్టి దిగేది సదర్న్ క్రాస్ స్టేషన్. అక్కడికి పడమటి నుంచి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి టార్నీట్, విండమ్ వేల్ మీదుగా వచ్చే జీలాంగ్ రైలు. ఈ రెండు స్టేషన్లు 2015లో వచ్చాయి. టార్నీట్ నుంచి అరగంట ప్రయాణం, కానీ పొద్దున పూట రైలు జీలాంగ్ నుంచే నిండి వస్తుంది, చాలా రోజులు నిలబడే వెళతాను. కార్ పార్కింగ్ తెల్లారేసరికే నిండుతుంది. రెండోది వెర్రిబీ లైన్, కరెంటు రైలు. హాపర్స్ క్రాసింగ్, వెర్రిబీ దాని మీదే. కాస్త ఎక్కువసేపు పడుతుంది, కానీ సీటు దొరికే అవకాశం ఎక్కువ.

పేర్లు చూసి మోసపోకు. ట్రుగనినాలో స్టేషన్ లేదు. పాయింట్ కుక్ వాళ్లు విలియమ్స్ ల్యాండింగ్ దాకా రావాలి. క్లైడ్‌లోనూ రైలు లేదు, క్రాన్‌బోర్న్ వెళ్లి ఎక్కాలి. పైగా క్లైడ్ సిటీకి ఆగ్నేయంగా 45 కిలోమీటర్ల పైన ఉంటుంది, నీ ఆఫీసు సిటీకి పడమటి అంచున. చుట్టాలు అక్కడుంటే తప్ప ఆ వైపు ఆలోచించకు. మెల్టన్‌కు రైలుంది, అద్దె తక్కువే, దూరం ఓర్చుకోవాలి.

హాపర్స్ క్రాసింగ్ నుంచి, సొంతూరు జమ్మికుంట:

అన్న చెప్పిన కారు మాట నిజం. దాని వెనక ఉన్నది నేను చెబుతాను, ఎందుకంటే ఇంట్లో కూర్చున్నది నేను.

మేం మొదట దిగింది కొత్తగా వేసిన ఎస్టేట్‌లో, అంటే ఇళ్ల కాలనీలో. ఇల్లు కొత్తది, వంటిల్లు పెద్దది, వీడియో కాల్‌లో అమ్మ చూసి మురిసిపోయింది. ఆయన ఆరున్నరకు వెళితే రాత్రి ఏడుకు రాక. చుట్టూ ఇళ్లే. కొట్టు లేదు, చెట్టు లేదు, ఫుట్‌పాత్ కూడా సగం దాకే. జూన్‌లో సాయంత్రం ఐదింటికే చీకటి. జమ్మికుంటలో గుమ్మం ముందు నిలబడితే నలుగురు పలకరిస్తారు. ఆ ఎస్టేట్‌లో పాల ప్యాకెట్ కోసం నలభై నిమిషాలు నడిచాను, ఒక్క మనిషి ఎదురు రాలేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆ చలికాలమంతా ఏడ్చాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చినా వెళ్లే దారి లేక రెండు వదులుకున్నాను.

తర్వాత ఇక్కడికి మారాం. ఇల్లు పాతది, బాత్రూమ్ చిన్నది. కానీ స్టేషన్ పదమూడు నిమిషాల నడక, లైబ్రరీ, స్కూలు, డాక్టర్ అన్నీ కాలినడకనే. మూడు నెలల్లో నాకు ఉద్యోగం దొరికింది. పాత ఇళ్లను తీసిపారేయకండి తమ్ముడూ. ఇన్‌స్పెక్షన్‌కు ఒక్కడివే వెళ్లకు, చెల్లెను తీసుకుని వెళ్లు. స్టేషన్ నుంచి ఆ ఇంటి దాకా ఇద్దరూ నడిచి చూడండి, సాయంత్రం చీకటి పడ్డాక ఇంకోసారి నడవండి. తను ఇక్కడ ఉండగలనంటేనే అప్లికేషన్ పెట్టండి.

ఇంట్లో హీటర్ చూడండి. విక్టోరియాలో అద్దె ఇంటి ప్రధాన గదిలో గోడకో నేలకో బిగించిన హీటర్ ఉండాలని రూల్. లేకపోతే ముందే అడగండి. మనకు ఏసీ మీద ఉండే ధ్యాస హీటర్ మీద ఉండదు.

ఇంకొకటి. తాళాలు ఇచ్చేటప్పుడు కండిషన్ రిపోర్ట్ అని ఒక కాగితం ఇస్తారు. ఇంట్లో చేరిన ఐదు పనిదినాల్లో మనం చూసినవి రాసి తిరిగి ఇవ్వాలి. మేం అందులో ఏమీ రాయకుండా సంతకం పెట్టాం. ఖాళీ చేసేటప్పుడు కార్పెట్ మీద మాకంటే ముందే ఉన్న కాలిన మచ్చకు మా బాండ్‌లో కోత అడిగారు. మా దగ్గర ఫొటో లేదు, కట్టాం. ఈ పడమటి వైపు నేల మన పత్తి చేల నల్లరేగడి లాంటిది. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. గోడల మూలల్లో సన్న పగుళ్లు, బిగుసుకుపోయే తలుపులు మామూలే. అన్నిటికీ మొదటి రోజే ఫొటోలు తీసి ఆ కాగితంతో పాటు ఈమెయిల్ చేయండి.

సెయింట్ ఆల్బన్స్ నుంచి, సొంతూరు మంచిర్యాల:

నాది చిన్న మాట. మనవాళ్లు టార్నీట్ దాటి ఆలోచించరు. సన్‌షైన్, సెయింట్ ఆల్బన్స్ కూడా చూడండి. సన్‌షైన్ సిటీకి 12 కిలోమీటర్లే. పాత యూనిట్లు, అంటే ఒకే స్థలంలో పక్కపక్కన కట్టిన చిన్న ఇళ్లు, రెండు బెడ్‌రూమ్‌లవి, ముగ్గురికి చాలు. ఇక్కడ వియత్నాం వాళ్ల కూరగాయల కొట్లు వరసగా ఉంటాయి. కాకరకాయ, మునక్కాయ, తోటకూర, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి, ఇండియన్ షాపుకంటే తాజాగా. నెల సరుకులకు ఒకసారి ఇండియన్ షాపుకు వెళితే సరిపోతుంది.

ఏరు పక్కన ఇల్లు చవకగా వస్తే ఆలోచించండి. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మీ హనుమకొండ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడ 2022 అక్టోబర్‌లో మారిబర్నాంగ్ నది అలాగే ఇళ్లలోకి వచ్చింది. విక్‌ప్లాన్ అనే ప్రభుత్వ మ్యాప్‌లో అడ్రస్ కొడితే అది వరద హద్దులోకి వస్తుందో లేదో తెలుస్తుంది. ఐదు నిమిషాల పని.

హనుమకొండ నుంచి:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్క రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తనే ఫోన్ తీసుకుని మ్యాప్‌లో హాపర్స్ క్రాసింగ్ స్టేషన్ చుట్టూ చూసింది. ఆ ఫేస్‌బుక్ ఆయనకు వద్దని మెసేజ్ పెట్టేశాను. పాప స్కూల్ సంగతి కూడా చెప్పండి. ఇక్కడ కార్పొరేట్ స్కూల్లో ఒకటో తరగతి. మంచి స్కూల్ ఉన్న ఏరియా అంటే అద్దె ఎక్కువే కదా? అద్దె ఇల్లు మాకు ఇస్తారా, అక్కడ మాకు పాత రికార్డు ఏదీ లేదు.

టార్నీట్ నుంచి, సొంతూరు కాజీపేట:

స్కూల్ కోసం ఏరియా మార్చుకోవాల్సిన పని లేదు తమ్మీ. ప్రభుత్వ స్కూళ్లకు జోన్ ఉంటుంది. మనం ఉండే అడ్రస్ ఏ స్కూల్ జోన్‌లో ఉందో ఆ స్కూల్ పాపకు సీటు ఇవ్వాలి. ఫైండ్ మై స్కూల్ అనే సైట్‌లో అడ్రస్ కొట్టి చూడు, అప్లికేషన్ పెట్టేముందే చూడు, ఒకే వీధిలో అటు ఒక స్కూల్, ఇటు ఒక స్కూల్ పడవచ్చు. రుజువుగా లీజు కాగితం అడుగుతారు. చదువు సంవత్సరం జనవరి చివర్లో మొదలవుతుంది, మీరు వచ్చేసరికి మొదటి టర్మ్ నడుస్తుంటుంది, అయినా చేర్చుకుంటారు. ఏప్రిల్ 30 లోపు ఐదేళ్లు నిండిన పిల్లలు ఆ ఏడాది ప్రెప్‌లో, అంటే గ్రేడ్ 1కి ముందు తరగతిలో, చేరతారు. ఆ లెక్కన మీ పాప గ్రేడ్ 1లో పడవచ్చు.

అద్దె ఇల్లు ఇస్తారా అంటే, ఇస్తారు, ఓపిక కావాలి. మాకు పదకొండో అప్లికేషన్‌కు వచ్చింది. ఆఫర్ లెటర్, వచ్చాక మొదటి పే స్లిప్, బ్యాంక్ బ్యాలెన్స్, పాస్‌పోర్టులు, అక్కడి ఇంటి ఓనర్ ఇంగ్లిష్‌లో రాసిన ఉత్తరం, మేనేజర్ ఫోన్ నంబర్ ఒకే ఫైల్‌లో సిద్ధంగా పెట్టుకో. ఇన్‌స్పెక్షన్ అయిన రోజే పంపు. ప్రకటించిన అద్దెకంటే ఎక్కువ ఇవ్వమని ఏజెంట్ అడగకూడదు, చట్టం ఒప్పుకోదు. మనం కంగారులో పెంచి చెప్పే పని కూడా పెట్టుకోవద్దు.

హాపర్స్ క్రాసింగ్ నుంచి, సొంతూరు జమ్మికుంట:

చెల్లెకు ఒక మాట చెప్పు తమ్ముడూ. వచ్చేలోపు టైమ్ ఉంది కదా, హనుమకొండలోనే డ్రైవింగ్ స్కూల్లో చేరి క్లచ్, గేర్ భయం పోయేదాకా నడపమను. ఇక్కడ 25 ఏళ్లు దాటినవాళ్లు లెర్నర్ లైసెన్స్ మీద కనీసం 3 నెలలు ఉండాలి, ఆ తర్వాతే టెస్ట్. ఇక్కడ క్లాసులు గంటల లెక్కన, ఖర్చు ఎక్కువ. అక్కడ నేర్చుకుని వస్తే ఆ గంటలు తగ్గుతాయి. దిగిన వారమే లెర్నర్ పరీక్షకు బుక్ చేయండి. మా వీధిలో ఆదివారం సాయంత్రాలు కార్లు ఉండవు, పక్కన కూర్చుని నేనే నడిపిస్తాను. నా నంబర్ విడిగా పంపుతున్నాను, చెల్లెనే ఫోన్ చేయమను.