మార్చి 8 తర్వాత రాత్రి కాల్ ఎన్నింటికి? డాలస్, లండన్ రెండూ ఉన్నవాళ్లు చెప్పండి

గచ్చిబౌలి_గడియారం
మా టీమ్‌లో ఎక్కువమంది హైదరాబాద్‌లోనే. ఇద్దరు డాలస్‌లో ఉన్నారు, క్లయింట్ తరఫున ఒకావిడ లండన్ నుంచి చేరతారు. రోజూ కాల్ మనకి రాత్రి 8:30కి. డాలస్‌లో అప్పుడు ఉదయం 9, లండన్‌లో మధ్యాహ్నం 3. చలికాలమంతా ఏ గొడవా లేదు. ఇప్పుడు 2026 మార్చి 8న అమెరికా గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, లండన్‌వి 29న. మధ్యలో ఈ మూడు వారాలు ఎవరి టైమ్ పట్టుకుని నడవాలి? పోయినేడు సగం మంది ఒక టైమ్‌కి, సగం మంది ఇంకో టైమ్‌కి వచ్చారు. పైగా 19న ఉగాది. మాకు సెలవని అక్కడివాళ్లకి ఇప్పట్నుంచే చెప్పిపెట్టాలి.

డాలస్_బాబాయ్
ముందు ఆ ఇన్వైట్ ఏ టైమ్ జోన్‌లో ఉందో చూడండి. రోజూ రిపీటయ్యే మీటింగ్ ఏ ఊరి టైమ్‌తో పెడితే ఆ ఊరి గడియారాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. డాలస్ 9 అని పెట్టి ఉంటే, 9వ తేదీ సోమవారం నుంచి మీకు 7:30కి వస్తుంది. లండన్ ఆవిడకి 2 అవుతుంది, 30వ తేదీ నుంచి ఆవిడకి మళ్లీ 3. అదే మన టైమ్ 8:30 అని పెట్టి ఉంటే మీకు కదలదు, మాకు 10 అవుతుంది. లండన్‌లో 29 దాకా 3, ఆ తర్వాత 4.

ఇన్వైట్ తెరిచి టైమ్ పక్కన టైమ్ జోన్ నొక్కితే కనబడుతుంది. విండోస్ జాబితాలో హైదరాబాద్ కోసం వెతక్కండి, లేదు. 'చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అన్న వరుసే మనది.

ఓరుగల్లు_పిల్ల
అందరూ "ఎండాకాలంలో గంట ముందే అయిపోతుంది కదా, హాయి" అంటారు. నాకైతే 7:30 కంటే 8:30యే నయం. 8:30 అంటే ఇల్లు చేరి, బాబుకి నాలుగు ముద్దలు పెట్టి, తలుపేసుకుని కూర్చుంటా. 7:30కి ఇంకా క్యాబ్‌లోనే ఉంటా. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర హారన్ల మధ్య మ్యూట్ తీసి "అప్‌డేట్ ఏమీ లేదు" అని మళ్లీ మ్యూట్ చేయడం ఒక కాలా? టైమ్ మార్చేముందు ఆ గంటలో ఎవరు ఎక్కడ ఉంటారో అడగండి. మా దగ్గర ఎవరూ అడగరు. క్యాలెండర్‌లో ఆకుపచ్చగా ఖాళీ కనబడితే చాలు, వేసేస్తారు.

క్యూఏ_కోనసీమ
+1 మేడమ్. మా మేనేజర్ "గంటే కదా" అంటాడు. ఆయన ఇల్లు ఆఫీసు వెనకాలే.

మెల్‌బోర్న్_మామ
మీది నయం, రెండు తేదీలతో పోతుంది. మాకు మెల్‌బోర్న్, హైదరాబాద్, డాలస్ మూడూ ఉన్నాయి. మెల్‌బోర్న్‌కి డాలస్‌కి ఇప్పుడు తేడా 17 గంటలు. మార్చి 8 తర్వాత 16. ఏప్రిల్ 5న మేం గడియారాలు వెనక్కి జరిపాక 15. నెల తిరక్కుండానే రెండు గంటలు పోతాయి. వాళ్లు ముందుకి, మేం వెనక్కి. బ్రిస్బేన్‌లో ఉన్న కొలీగ్‌కి ఇవేమీ పట్టవు, క్వీన్స్‌లాండ్‌లో గడియారం ముట్టుకోరు.

మూడు ఊళ్లకీ కుదిరే గంటంటూ లేదని ఒప్పేసుకున్నాక మాకు ప్రాణం తెరిపిన పడింది. నాకు మంగళవారం పొద్దున 9 అంటే డాలస్‌లో సోమవారం సాయంత్రం 4, హైదరాబాద్‌లో తెల్లవారుజాము 3:30. అందుకే ఒకే కాల్ అన్న మాట మానేశాం. మెల్‌బోర్న్-హైదరాబాద్ ఒకటి, హైదరాబాద్-డాలస్ ఒకటి. రెంటికీ మధ్యలో ఒక హ్యాండోవర్ డాక్యుమెంట్. అందులో 'ఏం అయింది' అన్నది రాయకపోయినా పర్లేదు, 'ఎక్కడ ఆగింది, ఎవరి జవాబు కావాలి' అన్నవి మాత్రం ఉండి తీరాలి.

గచ్చిబౌలి_గడియారం
బాబాయ్ గారూ, ఇప్పుడే చూశా. మా ఇన్వైట్ డాలస్ వాళ్ల సెంట్రల్ టైమ్‌లో ఉంది. అంటే 9వ తేదీ నుంచి మాకు 7:30. ఓరుగల్లు మేడమ్ చెప్పిన క్యాబ్ సంగతి మా టీమ్‌లో ముగ్గురికి వర్తిస్తుంది. రొటేషన్ ఎవరైనా చేశారా? ఒక నెల మేం రాత్రి, ఒక నెల వాళ్లు రాత్రి?

సీటెల్_సీమబిడ్డ
చేశాం. మనకి పొద్దున 7:30 పెడితే డాలస్‌లో ముందురోజు రాత్రి 8, మార్చి 8 తర్వాత 9. మాకు సీటెల్‌లో ఇంకో రెండు గంటలు తక్కువ, కాబట్టి బానే ఉండేది. కానీ మీకు లండన్ ఉంది కదా, అక్కడ అర్ధరాత్రి 2 అవుతుంది. ఆవిడ వచ్చినంత కాలం రొటేషన్ మాట ఎత్తకండి. ఆవిడ అవసరం వారానికి ఒక్కరోజే అయితే ఆ రోజు మాత్రం రాత్రి కాల్ ఉంచి, మిగతా నాలుగు రోజులూ తిప్పుకోండి.

ఇంకోటి. మీకు సోమవారం పొద్దున అంటే మాకు ఆదివారం రాత్రి. పిల్లలతో బయటికెళ్లి వచ్చి కూర్చున్నాక ల్యాప్‌టాప్ మోగుతుంది. మీ శుక్రవారం రాత్రి కాల్ మీద ఎంత కోపమో, మాకు దీని మీద అంత.

క్యూఏ_కోనసీమ
శుక్రవారం రాత్రి కాల్ పెట్టేవాళ్లకి వేరే నరకం ఉంటుంది అన్నా.

ఫీనిక్స్_పంతులమ్మ
మా అరిజోనాలో నవాహో ప్రాంతం తప్ప ఎక్కడా గడియారం జరపరు. మన టైమ్‌కి ఏడాది పొడుగునా 12:30 గంటలే తేడా. పగలు-రాత్రి మార్చి అరగంట తగ్గిస్తే చాలు. హైదరాబాద్‌లో సాయంత్రం 7 అంటే ఇక్కడ అదే రోజు పొద్దున 6:30. కానీ మా టీమ్ డెన్వర్‌లో ఉంది, వాళ్లు జరుపుతారు. కాబట్టి మార్చి తర్వాత నాకూ వాళ్లకీ గంట తేడా వచ్చేస్తుంది. ఇద్దరిదీ పేరుకి 'మౌంటెన్ టైమే', అలా మెయిల్ పెడితే ఎవరి మౌంటెన్ అని అడగాల్సి వస్తుంది.

అందుకే మెయిల్లో పొట్టి అక్షరాలు వద్దు. ఊరి పేరు, వారం, తేదీ రాయండి. సీఎస్‌టీ అమెరికా సెంట్రల్ టైమ్‌కే కాదు, చైనాకీ ఉంది, ఐఎస్‌టీ ఐర్లండ్‌కీ ఇజ్రాయెల్‌కీ ఉంది. 'శుక్రవారం రాత్రి 12' అని అసలే రాయొద్దు, గురువారం అయిపోయాకా, శుక్రవారం అయిపోయాకా అన్నది ఎవరికీ తెలీదు. 11:55 అని రాస్తే చచ్చినట్టు అర్థమవుతుంది.

డాలస్_బాబాయ్
కొంచెం పక్కదారి, ఏమనుకోకండి. ఆఫీసు కాల్స్ కంటే నాకు టెన్షన్ పెట్టింది ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు బెజవాడలో, వీడియోలో చేయిస్తారు. మార్చి 14, శనివారం పొద్దున 9కి అనుకున్నాం, ఆయనకి రాత్రి 7:30. "శనివారం 9 నుంచి 10:30 రాహుకాలం కదా" అని మా అత్తగారు ఫోన్. పంతులుగారే తేల్చారు: ఆ 9 అన్నది సూర్యోదయం 6కి అనుకుని వేసిన లెక్క. మీ ఊళ్లో సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఎనిమిది భాగాలు చేస్తే శనివారానికి మూడోది. గడియారం జరిపాక డాలస్‌లో ఆ రోజుల్లో సూర్యోదయం సుమారు 7:40. అంటే రాహుకాలం మొదలయ్యేది 10:40కి. మేం 9కి కూర్చుని 10:30కల్లా హారతి ఇచ్చేస్తామని ఒప్పించాం.

ఓరుగల్లు_పిల్ల
మా మేనేజర్ కంటే మీ పంతులుగారికి టైమ్ జోన్లు బాగా తెలుసు 😄

గచ్చిబౌలి_గడియారం
లండన్ ఆవిడకి మెయిల్ పెట్టాను. రోజూ రానక్కర్లేదు, మంగళ, గురువారాలు చాలన్నారు. ఆ రెండు రోజులూ డాలస్ 9. ఆ మూడు వారాలూ ఆవిడకి 2 అవుతుందని తేదీలతో సహా రాశాను. 19 గురువారమే కాబట్టి ఆ ఒక్కటీ క్యాన్సిల్. మిగతా రోజులు మన టైమ్ 8:30కే ఉంచుదామంటే డాలస్ ఇద్దరూ 10 అయితే ఇంకా మంచిదన్నారు, పిల్లల్ని స్కూల్లో దింపి రావచ్చట. ఎవరూ అడగలేదు కాబట్టి ఇన్నాళ్లూ చెప్పలేదట!

మెల్‌బోర్న్_మామ
అయితే రెండూ వేర్వేరు ఇన్వైట్లుగా పెట్టండి, ఒకటి సెంట్రల్ టైమ్‌లో, ఒకటి మన టైమ్‌లో. ఒకే సిరీస్‌లో రోజుకో టైమ్ మార్చుకుంటూ పోతే నవంబర్‌కి మీకే అర్థం కాదు. అక్టోబర్ 25న లండన్, నవంబర్ 1న అమెరికా వెనక్కి జరుగుతాయి. ఆ వారం కూడా ఆవిడకి 2 గంటలే. ఇప్పుడే క్యాలెండర్‌లో రాసి పెట్టేయండి.