ఏడుపుగొట్టులో ‘గొట్టు’ ఎక్కడిది?

— కావ్యంలో పండిన రసాన్నే మళ్ళీ మళ్ళీ తడిమితే వాడిన పువ్వైపోతుందని ఓ ఆలంకారికుడు, అదే కావ్యశాస్త్రకారుడు, అన్నాడు. కావ్యప్రకాశం రాసిన మమ్మటుడేనా? ఆ దోషానికి తెలుగులో ‘ఏడుపుగొట్టు’ సరిపోతుందా? ‘అతిభావుకత’ అందామంటే నిఘంటువు వాసన.

— పువ్వు ఆనందవర్ధనుడిదండీ. ఆయన ధ్వన్యాలోకం మూడో ఉద్ద్యోతంలో (అధ్యాయంలో) ‘పరిమ్లానకుసుమకల్పః’, వాడిన పువ్వులాంటిది అని. మమ్మటుడు ‘దీప్తిః పునః పునః’ (మళ్ళీ మళ్ళీ రగిలించడం) అని దాన్ని రసదోషాల్లో చేర్చి, కుమారసంభవంలోని రతీవిలాపాన్ని ఉదాహరించాడు. కాళిదాసుకే తప్పలేదు! ‘ఏడుపుగొట్టు’తో చిక్కేమిటంటే, ఏడుపుగొట్టు సినిమా మనల్ని ఏడిపిస్తుంది, ఏడుపుగొట్టు మొహం తనే ఏడుస్తుంది.

— ‘సెంటిమెంటు’ ఉందిగా?

— అదెప్పుడో చెయ్యిదాటింది. ‘అమ్మ సెంటిమెంటు’లో మమకారం, ‘శుక్రవారం సెంటిమెంటు’లో శకునం.

— చిక్కంతా ‘గొట్టు’లోనే. కంపు కొట్టు, చేదు కొట్టు, బోరు కొట్టు వరసలోదే ఇదీ. ‘ఏడుపు’ ప్రథమావిభక్తిలో ఉంది, దాని మీది ‘క’ గసడదవాదేశంతో (క చ ట త ప లు గ స డ ద వ లు కావడంతో) ‘గ’ అయింది, ‘వాడుగొట్టె’ లాగా.

— ఆగండి. గసడదవలైతే ‘ప’ ‘వ’ కావాలి. తాగుబోతు, పొగరుబోతుల్లో ‘బ’ వచ్చిందే! సరళాదేశమైనా (క చ ట త ప లు గ జ డ ద బ లు కావడం), గసడదవలైనా ‘క’ చేరేది ‘గ’కే. కనక ఆ ‘గ’ సాక్ష్యం చెల్లదు.

— మరి చెడగొట్టు, ఎండగొట్టు? అక్కడ ‘గొట్టు’కి ‘అలా అయ్యేట్టు చెయ్యి’ అనే అర్థమే. ఏడుపుగొట్టు అంటే ఏడిపించేదే.

— ‘చెడన్’ తుమున్నర్థకం (‘చెడడానికి’ లాంటి క్రియారూపం), చివర ‘న్’ ఉన్న ద్రుతాంతం. దాని మీద ‘కొట్టు’ ‘గొట్టు’ కావడం వేరు. ‘ఏడుపు’ నామం మాస్టారూ, రెంటినీ ఒక గాటన కట్టకండి.

— పువ్వు మాటొచ్చాక కరుణశ్రీని వదిలేస్తారా? పుష్పవిలాపమే అసలైన ఏడుపుగొట్టు అంటాను.

— అపచారం! అక్కడ ఏడ్చేది పువ్వు. కవి ఒట్టి చేతులతో వెనక్కొస్తాడు, అంతే. ఘంటసాల గొంతులో విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళు నేరం పద్యం మీద మోపుతారు. ‘నేనొక పూలమొక్కకడ నిల్చి’ అని ఆ ఉత్పలమాలని రాగం లేకుండా చదవండి, నడకలో ఎంత హుషారుందో!

— పూలు తర్వాత. జిడ్డు కొడుతోంది అంటాం, ‘ఏడుపు కొడుతోంది’ అని ఎవరైనా అంటారా? ఏడుపొస్తోంది అంటాం. తాగుబోతులోని ‘పోతు’లాగే ఇదీ నామమే.

— ‘పోతు’ దున్నపోతులో కనిపిస్తోంది. నామమైన ఆ ‘గొట్టు’ని ఒక్క వాక్యంలో విడిగా చూపించండి.

— మీరు ‘ఏడుపు కొడుతోంది’ చూపించాక.