ఓబర్లిన్ కాలేజీ మ్యూజియానికి పెద్దవాళ్ళతో వెళ్ళవచ్చా?

గోదారిగట్టు:
అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. పోయిన వారం ఒక పెద్ద మ్యూజియంలో సగం తిరిగేసరికే నాన్నగారి మోకాళ్ళు మొరాయించాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీలో ఆలెన్ అనే కళా మ్యూజియం ఉందనీ, అది చిన్నదనీ విన్నాను. అంత దూరం పనిగట్టుకుని వెళ్ళేంత విశేషం ఉందా?

ఎర్రమందారం:
తప్పకుండా వెళ్ళండి. క్లీవ్‌లాండ్ నుంచి ముప్పావు గంట ప్రయాణం. టికెట్ లేదు. సోమవారం సెలవు. న్యూయార్క్‌లో వూల్‌వర్త్ భవనాన్ని రూపొందించిన కాస్ గిల్బర్టే దీనికీ నమూనా గీశాడు, 1917లో తెరిచారు. మధ్యలో పెద్ద హాలు, చుట్టూ గదులు, అంతే.

డచ్ చిత్రకారుడు టెర్‌బ్రుగెన్ 1625లో వేసిన, సెబాస్టియన్ అనే క్రైస్తవ సాధువు చిత్రాన్ని మాత్రం వదలకండి. బాణాలు దిగి వాలిపోయిన మనిషి. ఐరీన్ అనే ఆవిడ ఒక బాణాన్ని వేళ్ళతో మెల్లగా లాగుతుంటుంది, వెనకాల పరిచారిక అతని మణికట్టుకున్న తాడు విప్పుతుంటుంది. మా అత్తగారు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆయనెవరు, కథేమిటి అని అడగనే లేదు. పాలిపోయి పచ్చబడిన ఆ చర్మం వంక కాసేపు చూసి, “రక్తం బాగా పోయిందమ్మా, ముందు ఆ కట్లు విప్పాలి” అన్నారు. ఆ ఒక్క చిత్రం దగ్గరే చాలాసేపు ఉండిపోయాం.

పెన్సిల్‌ముక్క:
నేను అక్కడే చదువుకున్నాను. మ్యూజియం బొమ్మలను విద్యార్థులకు అద్దెకిస్తారని తెలుసా? మా రోజుల్లో సెమిస్టరుకు ఒక్కో బొమ్మకు 5 డాలర్లు ఉండేది. నకళ్ళు కావు, అసలువే. ఎలెన్ జాన్సన్ అనే ఆవిడ 1940లలో మొదలుపెట్టిన పద్ధతి. మంచిది చేజారిపోకుండా ముందు రాత్రే దుప్పట్లతో వచ్చి వరుసలో పడుకుంటారు. తిరుమల సర్వదర్శనం క్యూనే అనుకోండి! మా రూమ్మేట్ మంచం పైన గోడకు పికాసో స్వయంగా చేసిన అచ్చు చిత్రం, మంచం కింద ఉతకని సాక్సులు.

సందేహాలరావు:
పిల్లలతో వెళ్ళేవారు జర్మన్ చిత్రకారుడు కిర్చ్‌నర్ చిత్రం దగ్గర ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. 1915లో తనను తాను సైనికుడిగా, కుడి చెయ్యి తెగిపోయినట్టు వేసుకున్నాడు. “చెయ్యి లేకుండా ఈ బొమ్మ ఎలా వేశాడు?” అని మా వాడు గట్టిగానే అడిగాడు. నిజానికి చెయ్యి పోలేదు, సైన్యంలో శిక్షణకే మనిషి కుదేలయ్యాడు. తమకు గిట్టని కళను ఎగతాళి చేయడానికి నాజీలు 1937లో జరిపిన “భ్రష్ట కళ” ప్రదర్శనలో దీన్నీ పెట్టారు. మా వాడికి నచ్చింది మాత్రం బయట పచ్చికలో పడి ఉన్న శిల్పి ఓల్డెన్‌బర్గ్ చేసిన భారీ కరెంటు ప్లగ్గు శిల్పం!

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలండి. అమ్మ ముగ్గులూ బొమ్మలూ బాగా వేస్తుంది. చెక్క దిమ్మెలతో అచ్చువేసిన జపాన్ చిత్రాలు కూడా ఉన్నాయట కదా, అవి చూడవచ్చా?

పెన్సిల్‌ముక్క:
1,500కు పైగానే ఉన్నాయి. మేరీ ఐన్స్‌వర్త్ అనే పూర్వ విద్యార్థిని వీలునామా ద్వారా 1950లో కాలేజీకి వచ్చాయి. కానీ వెలుతురు తగిలితే ఆ రంగులు వెలిసిపోతాయి కాబట్టి, ఎల్లకాలం గోడల మీద ఉంచరు. అమ్మగారికి అవే ముఖ్యమైతే ముందుగా మ్యూజియానికి ఈమెయిల్ పెట్టి, ఏ రోజు చూపించగలరో అడిగాక బయలుదేరండి. అదే ఊళ్ళో పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ నమూనా గీసిన ఇల్లు కూడా మ్యూజియం చేతిలోనే ఉంది. అది రోజూ తెరవరు, ఆ సంగతీ అందులోనే అడిగేయండి.