ఒకే బ్యాచ్, ఎనిమిది ఉద్యోగాలు: పోల్ మీద ఒక్కొక్కరు ఒక్కోలా జారుతున్నారు, ఏం చేయాలి?

అడిగినవారు: ఏడింటి_బ్యాచ్

హైదరాబాద్‌లో సాయంత్రం ఏడింటికి పోల్ డ్యాన్స్ బిగినర్స్ బ్యాచ్. మొత్తం ఎనిమిది మంది. ఐసీయూ నర్సు ఒకరు, సాఫ్ట్‌వేర్ ఇద్దరు, పార్లర్‌లో మసాజ్‌లు, ఫేషియల్స్ చేసే ఆవిడ, డెంటిస్టు, స్కూలు టీచరు, విమానంలో క్యాబిన్ క్రూ, సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. పోల్ 45 మి.మీ. మందం, ఉక్కు మీద క్రోమ్ పూత, గదిలో ఏసీ ఉంది. నెల రోజులైంది. పోల్ సిట్ (తొడలతో పోల్‌ని పట్టి కూర్చోవడం), ఫైర్‌మ్యాన్ స్పిన్ (పోల్ చుట్టూ తిరుగుతూ దిగడం), బేసిక్ క్లైంబ్ (ఎక్కడం) దాకా వచ్చాం.

వార్మప్ అందరికీ ఒకటే, లిక్విడ్ చాక్ (చేతులు జారకుండా రాసుకునేది) ఒకటే. అయినా నర్సుకి అరచేతులు జారిపోతున్నాయి. క్యాబిన్ క్రూ ఆవిడకి తొడ అసలు పట్టడమే లేదు. సాఫ్ట్‌వేర్ అబ్బాయికి మోచేయి లోపలి వైపు నొప్పి మొదలైంది. వచ్చే నెల తలకిందుల పని మొదలుపెట్టాలి. ఎవరికి ఏం మార్చాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు 1: పట్టు_ముఖ్యం

అందరికీ ఒకే చాక్ ఇవ్వడంలోనే తేడా వస్తోందండీ. జారడం రెండు రకాలు. చెమట పట్టి జారడం ఒకటి, చర్మం ఎండిపోయి జారడం ఇంకొకటి. మొదటిదానికి చాక్ మందు. రెండోదానికి అదే చాక్ వేస్తే ఇంకా నున్నగా అవుతుంది. ముందు ఎవరిది ఏ రకమో చూసుకోండి: తుడిచిన పోల్‌కి అరచేయి ఆనించి ఐదు సెకన్లు ఉంచి తీయమనండి. మసక ముద్ర పడితే చెమట చేయి. ముద్ర పడకపోతే, చర్మం కాగితంలా గరగరలాడుతుంటే ఎండు చేయి.

నర్సు సంగతి వేరు. ఆవిడకి చెమట కాదు, శానిటైజర్ అయి ఉంటుంది. ఆసుపత్రి హ్యాండ్ రబ్‌లో చేతులు పగలకుండా గ్లిజరిన్ కలుపుతారు. డబ్ల్యూహెచ్ఓ ఇచ్చిన ఫార్ములాలో 80 శాతం ఇథనాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరిన్ ఉంటుంది. చూడ్డానికి కొంచెమే. కానీ షిఫ్టులో పదుల సార్లు రుద్దుకుంటే ఆ పొర చేతికి అంటుకునే ఉంటుంది. దాని మీద చాక్ వేస్తే మెత్తటి ముద్దలా తయారై వేళ్ల మధ్య పేరుకుంటుంది. క్లాసుకి రాగానే సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, పది నిమిషాలు ఆరనిచ్చి, ఆ తర్వాతే చాక్ వేసుకోమనండి. అదీ బఠానీ గింజంత. చేతులు తెల్లగా పొడిగా అయ్యేదాకా రుద్దాలి. తడి ఉండగానే పోల్ పట్టుకుంటే చాక్ మొత్తం పోల్‌కే పోతుంది.

మసాజ్ చేసే ఆవిడకి నూనె మోచేతుల దాకా ఉంటుంది. మామూలు సబ్బుకి అది పోదు, గిన్నెలు తోమే లిక్విడ్ వాడాలి. గోళ్ల అంచుల్లో మిగిలేదే మోసం చేస్తుంది, కాబట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుకోవాలి. ఆవిడ దిగిన ప్రతిసారీ పోల్ తుడవండి: 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మైక్రోఫైబర్ గుడ్డ, పైనుంచి కిందికి. ఒకరి నూనె తర్వాతి ముగ్గురినీ జారుస్తుంది.

తలనూనె సంగతి మన దగ్గర తప్పకుండా చెప్పాలి. తలకిందులైనప్పుడు జడ పోల్‌కి రాసుకుంటుంది. కొబ్బరినూనె పెట్టిన జడ ఒక్కసారి తగిలితే చాలు, కాలు పట్టాల్సిన చోట ఉక్కు మీద నూనె చార పడుతుంది. క్లాసు ఉన్న రోజు తలకు నూనె వద్దు, జడని ముడి వేసుకోవాలి.

క్యాబిన్ క్రూ ఆవిడది ఎండు చర్మమే. ఎగిరే విమానంలో గాలిలో తేమ చాలాసార్లు 20 శాతం లోపే ఉంటుంది. ఆవిడకి చాక్ ఆపేయండి. ముందు రోజు రాత్రి కాళ్లకి మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు, క్లాసు రోజు మాత్రం ఏదీ రాయకూడదు. పోల్ సిట్‌కి ముందు తొడల లోపలి వైపు నీళ్లు రెండుసార్లు స్ప్రే చేసి, చేత్తో అద్ది, నిమిషం ఆగాలి. చర్మం కాస్త చెమ్మగిల్లితే చాలు, తడవకూడదు. ఏసీలో క్రోమ్ చల్లబడితే ఎవరికైనా జారుతుంది. మొదటి ఐదు నిమిషాలు ఏసీ ఆపి, పొడి గుడ్డతో పోల్‌ని గట్టిగా రుద్ది వేడెక్కించండి.

టీచరు గారు సంచిలోని సుద్దముక్క తీసి అరచేతికి పూసుకోబోతే ఆపండి. బోర్డు సుద్ద కాల్షియం కార్బొనేట్ గానీ జిప్సం గానీ, పట్టుకి వాడే చాక్ మెగ్నీషియం కార్బొనేట్. రెండూ తెల్లగానే ఉంటాయి, పని మాత్రం ఒకటి కాదు.

జవాబు 2: ముంజేయి_ఫిజియో

మోచేయి సంగతి నేను చెప్తాను. రోజంతా మౌస్, కీబోర్డు మీద మణికట్టు ఒకే భంగిమలో ఉంటుంది, భుజాలు ముందుకి వంగిపోయి ఉంటాయి. అలా వచ్చిన మనిషి ఏడింటికి ఒంటి బరువంతా వేళ్ల మీద వేస్తాడు. వేళ్లు ముడిచే కండరాల్లో చాలావరకు కలిసే చోటు మోచేతి లోపలి ఎముక. నొప్పి అక్కడే మొదలవుతుంది.

సాధారణంగా తప్పు చేతిలో ఉండదు, భుజంలో ఉంటుంది. పాదం నేల వదలకముందే రెక్క ఎముకని కిందికి లాగి బిగించాలి. వేలాడేటప్పుడు భుజం చెవి దాకా లేచిందంటే వేళ్లు రెట్టింపు గట్టిగా పిసుకుతున్నట్టే. ఆ అబ్బాయిని పక్కనుంచి ఒకసారి వీడియో తీసి చూడండి, తెలిసిపోతుంది.

రెండు వారాలు స్పిన్లు ఆపించండి. కిలో డంబెల్ చాలు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి పెట్టి, రెండో చేత్తో సాయం చేసి మణికట్టు పైకి లేపాలి. దించేటప్పుడు సాయం లేకుండా మూడు నాలుగు సెకన్లు తీసుకోవాలి. 15 చొప్పున మూడు రౌండ్లు, రోజుకొకసారి. నొప్పి పదిలో మూడు దాకా ఉన్నా చేయొచ్చు. మర్నాటికి కూడా తగ్గకపోతే బరువు తగ్గించాలి. చిటికెన వేలు తిమ్మిరెక్కితే మాత్రం అది కండరం కాదు, నరం. వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి. చేతిని మెలితిప్పి పట్టే ట్విస్టెడ్ గ్రిప్ ఈ బ్యాచ్‌లో ఎవరికీ ఇప్పుడే వద్దు. అరచేతులు చిన్నగా ఉన్నవాళ్లకి 40 మి.మీ. పోల్ దొరికితే ముంజేతికి చాలా తేలిక.

డెంటిస్టు గారి పట్టు బలంగానే ఉంటుంది గానీ, బొటనవేలి మొదలు పొద్దుటినుంచీ పనిచేసి అలిసిపోయి ఉంటుంది. ఇంకో మాట: ముంజేయి బాగా అలిసినప్పుడు వేళ్లు సన్నగా వణుకుతాయి. సాయంత్రం క్లాసు ఫర్వాలేదు, పొద్దున్నే చేసి నేరుగా క్లినిక్‌కి వెళ్లడం మాత్రం మంచిది కాదు. వీణ, వయొలిన్ వాయించేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

నర్సు పన్నెండు గంటల షిఫ్టు చేసి వస్తే ఆ రోజు ఎత్తు ఎక్కించొద్దు. రోగుల్ని తిప్పి, ఎత్తి వచ్చిన నడుం అది. అలిసిన పట్టు చెప్పి వదలదు. ఆ రోజు నేల మీద పని, స్ట్రెచింగ్ చాలు.

తలకిందులకి ముందు అందరినీ బీపీ, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) గురించి అడగండి. తల కిందికి పెడితే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. రక్తదానం చేసిన రోజు క్లాసే వద్దు.

జవాబు 3: మల్లఖంబ్_నుంచి

చిన్న మాట. మల్లఖంబ్ (నిలువు కంబం మీద చేసే మన కసరత్తు) చేసినవాళ్లు ఎవరైనా బ్యాచ్‌లో చేరితే మొదటి రోజే ఆముదం గురించి చెప్పేయండి. మాకు కంబం చెక్కది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చెక్క మీద చర్మం ఒరుసుకుపోకుండా ఆముదం రాస్తాం. ఆముదం చిక్కన, చెక్క దాన్ని కొంత పీల్చుకుంటుంది, పట్టు మిగులుతుంది. ఉక్కు ఏమీ పీల్చదు. కాలికి ఆముదం తడి ఉండి క్రోమ్ ఎక్కితే తిన్నగా నేలకే. ముందు రోజు సాధన చేసినా సరే, మోకాళ్ల వెనక మడతలు సబ్బుతో కడుక్కోవాలి.

స్తంభం మీద కసరత్తు మనకి కొత్తదేం కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలోనే దాని ప్రస్తావన ఉందంటారు. మధ్యప్రదేశ్ 2013లో మల్లఖంబ్‌ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. ఇంట్లో పెద్దవాళ్లకి పోల్ గురించి చెప్పాల్సి వస్తే ఇక్కడినుంచి మొదలుపెట్టడం మేలు.

జవాబు 4: మెట్టెలు_తీయండి

ఎవరూ నగల గురించి రాయలేదు. ఉంగరం తప్పనిసరిగా తీయాలి. జారేటప్పుడు ఉంగరం ఇరుక్కుంటే వేలి చర్మాన్ని ఒలిచేస్తుంది. గాజులు, మెట్టెలు క్రోమ్‌ని గీస్తాయి. ఆ గీతే తర్వాత ఇంకొకరి తొడని కోస్తుంది. క్లైంబ్‌లో పాదం పైభాగం పోల్‌కి నొక్కుకుంటుంది, మెట్టె ఉంటే వేలు నలుగుతుంది. తలకిందులైతే మెడలోది గడ్డం మీదికి జారి, పోల్‌కీ ఒంటికీ మధ్య చిక్కుకుంటుంది. గొలుసైతే తెగుతుంది. పసుపుతాడు తెగదు, అందుకే గొలుసు కన్నా తాడే ప్రమాదం. తీయడానికి మనసొప్పని వాళ్లని బలవంతపెట్టకండి, పాదం నేలకి దగ్గరగా ఉండే పనే ఇవ్వండి.

కమిలిన మచ్చలు మొదట్లో అందరికీ వస్తాయి: పిక్క ముందు ఎముక మీద, తొడ లోపల, పాదం పైన, మోచేతి మడతలో. పోవడానికి రెండు వారాలు పట్టొచ్చు. యూనిఫాంలో కాళ్లు కనపడే క్యాబిన్ క్రూకి కొత్త మూవ్ నేర్పాలంటే వరుసగా సెలవులు ఉన్నప్పుడు నేర్పండి. టీచరు గారికి మోచేతుల దాకా ఉండే జాకెట్టు చాలు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రం దాచకుండా ఇవి పోల్ వల్ల అని ముందే చెప్పాలి. లేకపోతే ఇంట్లో ఎవరో కొడుతున్నారని వాళ్లు అనుమానించడం న్యాయమే.

జూనియర్ అసిస్టెంటు గారు కేంద్ర ఉద్యోగి అయితే, 1964 ప్రవర్తనా నియమావళి 15వ నియమం ప్రకారం ఔత్సాహికులుగా క్రీడల్లో పాల్గొనడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, విధులకు ఆటంకం రాకుండా ఉంటే చాలు. రాష్ట్ర ఉద్యోగి అయితే ఆ రాష్ట్ర నియమాలు చూసుకోవాలి. ఫీజు తీసుకుని నేర్పడం వేరే సంగతి, దానికి అనుమతి అడగాల్సిందే. ఫోటోల విషయంలో ఎనిమిది మందినీ విడివిడిగా అడగండి, గుంపులో అడిగితే ఎవరూ వద్దనరు.

ఏడింటి_బ్యాచ్:

అందరికీ ధన్యవాదాలండీ. సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఒకరు అద్దె ఫ్లాట్‌లో ప్రెషర్ పోల్ (నేలకీ సీలింగ్‌కీ మధ్య ఒత్తిడితో బిగించేది) పెట్టుకుంటానంటున్నారు. గది 10 అడుగులు, 12 అడుగులు. కుదురుతుందా?

పట్టు_ముఖ్యం:

ఫాల్స్ సీలింగ్ కింద అసలు వద్దు, జిప్సం బోర్డు ఒత్తిడికి పగిలిపోతుంది. స్లాబ్ అయితే పోల్ పెట్టే చోట వేళ్లతో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగ్ వదులైనట్టే, అక్కడ పెట్టకూడదు. స్పిరిట్ లెవెల్‌ని పోల్‌కి ముందొకసారి, పక్కనొకసారి ఆనించి నిలువు చూసుకోవాలి. ఎక్కే ప్రతిసారీ బిగువు సరిచూసుకోవాలి.

అసలు ఇబ్బంది ఫ్యాను. మామూలు సీలింగ్ ఫ్యాను రెక్కల వ్యాసం 1200 మి.మీ., అంటే మధ్యనుంచి 60 సెం.మీ. కాలు చాపడానికి పోల్ చుట్టూ మీటరున్నర ఖాళీ కావాలి. రెండూ కలిపితే ఫ్యాను మధ్యనుంచి పోల్ 2.1 మీటర్ల దూరంలో ఉండాలి. ఆ గదిలో మధ్యనుంచి పొడుగు గోడకి మీటరున్నర, పొట్టి గోడకి 1.8 మీటర్లే వస్తుంది. ఫ్యాను ఆపినా రెక్క రెక్కే, కాలికి తగులుతుంది. ఫ్యాను దింపించి, గోడకి బిగించే ఫ్యాను పెట్టుకుంటే సరిగ్గా గది మధ్యలో పెట్టొచ్చు, అదీ మంచం, బీరువా బయటికి పోతేనే.