తలతన్యతల ‘తల’ ఏంది? బొట్టు చిన్నగైతే తలతన్యత పెరుగుతదా?

హన్మకొండల ఇంటర్ సదివే మా తమ్ముని కొడుకు, తలతన్యత (సర్ఫేస్ టెన్షన్, నీళ్ల పైపొర సాగదీసినట్టు బిగుసుకొని ఉండుడు) అంటే నెత్తికి సంబంధించిందా పెద్దనాయినా అన్నడు. కాదురా, ఉపరితలం అని జెప్తే మరి నీటిబొట్టు గుండ్రంగ ఉంటది గదా, దానికి తలం ఏడిది, బొట్టు చిన్నగైనకొద్ది తలతన్యత పెరుగుతదా అని ఇంకోటి ఏసిండు. ఎవరన్న జెప్పుండ్రి.

↳ అన్నా, మన తెలుగు తలకాయకూ దీనికీ సుట్టరికం లేదు, ఇది సంస్కృత తలం. సదునుగనే ఉండాల్నని ఏంలేదు, గోళతలం అంటలేమా. తన్ అంటే సాగదీసుడు, తంతువు, తంత్రి గూడ దాంట్లకెల్లి వచ్చినయే.

↳ మాట సంగతి అయింది గని పిలగాని రెండో ప్రశ్న గట్టిది. వంపుతోని పెరిగేది లోపలి పీడనం, తలతన్యత కాదు, మస్తుమంది ఈడనే కలగాపులగం జేస్తరు. లాప్లాస్ సూత్రం ప్రకారం తలతన్యతను రెండింతలు జేసి వ్యాసార్ధంతోని భాగిస్తే బయటికన్న లోపల ఎంత ఎక్కువ ఒత్తిడో వస్తది. నీళ్లకు 25 డిగ్రీల కాడ మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, 1 మైక్రాన్ వ్యాసార్ధం బొట్టుకు లెక్కగడితే 1.4 అట్మాస్ఫియర్లు. అంత ఒత్తిడిల గూడ ఆ 72 కదల్దు. నానోమీటర్ల కాడికి దిగినంకనే కదులుతది, దానికి టాల్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త జెప్పిన సవరణ ఉన్నది, ఆయన 1948లనే పోయిండు, పేపరేమో 1949ల అచ్చయింది. అండ్ల ఎంత చిన్న సైజు కాడ తలతన్యత మారుతదో జెప్పే టాల్మన్ లెంగ్త్ అనేది అణువు సైజుల ఏదో కొంత భాగం, గందుకే పెద్ద బొట్లకు లెక్కల రాదు.

↳ ఒట్టి నీళ్లయితే సరే సార్, శానిటైజర్ అసుంటి మిశ్రమమైతే? తామరాకు మీద నీళ్లు ముత్యం లెక్క నిలవడ్తయి గని శానిటైజర్ సుక్క ఏస్తే పర్సుకపోతది.

↳ మంచిగడిగినవ్ చెల్లె. బరువుల 10 శాతం ఎథనాల్ కలిస్తేనే ఆ 72 గాస్తా 48 కాడికి పడ్తది, ఎందుకంటే ఆల్కహాల్ అణువులు పైపొరలకొచ్చి గుమిగూడుతయి. బొట్టు మరీ చిన్నదైతే లోపలి సరుకుతోని పోలిస్తే పైపొరనే ఎక్కువైతది, ఆ పొర నింపుటానికి లోపలి ఆల్కహాల్ సాలదు, పాళ్లు మారతయి, తలతన్యత మళ్ల పైకి జరుగుతది. ఇది టాల్మన్ జెప్పింది కాదు, వేరే కారణం. సబ్బునీళ్లల్లయితే ఇంకా పెద్ద బొట్లకే ఈ తిప్పలు మొదలైతది.

↳ అంటే మిశ్రమం తలతన్యత ఎంత అంటే, ఏ సైజు బొట్టు, ఎంత పాళ్లు అని ఎదురడగాల్నన్నట్టు. వానికి గట్లనే జెప్త. టాల్మన్ లెంగ్త్‌కు తెలుగుల ఏం రాయమంటరు?

↳ టాల్మన్ పొడవు అని రాయమనే అన్నా, దానికి మళ్ల కొత్త మాట ఎందుకు.