అమెరికాకి హెయిర్ డ్రయ్యర్ ఇక్కడి నుంచే పట్టికెళ్లాలా, అక్కడ కొనాలా?

పాలకొండ: చెల్లి ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్తోంది. ట్రిమ్మరు, స్ట్రెయిట్‌నరు, 1200 వాట్ల డ్రయ్యరు సర్దుతోంది. విజయనగరం గంటస్తంభం దగ్గర షాపాయన యూనివర్సల్ అడాప్టర్ ఒక్కటుంటే చాలంటున్నాడు. నిజమేనా?

బొబ్బిలి: చాలదండీ. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీ అలాగే ఉంటుంది. మనకి 230 వోల్టులు, వాళ్లకి 120. వోల్టేజీ సగమైతే కరెంటూ సగమే, అంచేత వేడి పావు వంతుకి పడిపోతుంది. ఈ డ్రయ్యరు అక్కడ 330 వాట్ల దగ్గర ఆగుతుంది. ఫ్యాను నీరసంగా తిరిగి గోరువెచ్చటి గాలి వదుల్తుంది, తడిజుట్టు ఆరదు. అక్కడి 1875 వాట్లది ఇక్కడికి తెస్తే ఇంకా ప్రమాదం. మూడున్నర రెట్ల పైనే లాగి కాయిల్ మాడిపోతుంది.

టెక్కలి: వోల్టేజీని పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరి. ఖరీదైన డ్రయ్యరు ఇంట్లో పారేసి వెళ్లడమేటండీ?

బొబ్బిలి: 1200 వాట్లకి కనీసం 1500 వీఏది (వీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత లోడు మోస్తుందో చెప్పే కొలత) కావాలి. లోపలంతా ఇనుము, రాగి. 23 కిలోల పెట్టెలో ఆవకాయ చోటంతా అదే తినేస్తుంది. పైగా 120 వోల్టుల వైపు 10 ఆంపియర్ల పైనే లాగుతుంది. అక్కడి సాకెట్ లైను మామూలుగా 15 ఆంపియర్లది. అదే లైను మీద మైక్రోవేవ్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అరచేతిలో పట్టే డబ్బీని కన్వర్టర్ అని అమ్మితే నమ్మకండి, ఇంత లోడుకి 120ని 230 చేసే వస్తువు అంత తేలిగ్గా ఉండదు.

రాజాం: స్ట్రెయిట్‌నర్‌ని మాత్రం ఇందులో కలపకండి. వైరు మొదట్లో, పిడి పక్కన, బూడిదరంగు మీద బూడిదరంగులోనే అచ్చేసిన సన్నక్షరాలుంటాయి. ఫోను కెమెరాతో పెద్దవి చేసి చూడండి. 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అనుంటే అడాప్టర్‌తోనే నడుస్తుంది. 220–240 అని మాత్రమే ఉంటే ఇంట్లోనే ఉంచండి. ట్రిమ్మరుకైతే ఒంటి మీద కాదు, చార్జర్ మీద చదవాలి. యూఎస్‌బీ వైరుదైతే ఫోను చార్జరే చాలు.

సోంపేట: దుబాయ్, కువైట్, సింగపూర్ వెళ్లే మన ఉద్దానం కుర్రాళ్లు ఇది చదివి డ్రయ్యర్లు వదిలెయ్యొద్దు. అక్కడ వోల్టేజీ మనలాంటిదే, పిన్నే వేరు: మూడు పలక కాళ్లది. కాకపోతే అడాప్టర్ ఆంపియర్లు చూసి కొనండి. 6 ఆంపియర్లదైతే 230 దగ్గర 1380 వాట్లే మోస్తుంది, 2000 వాట్ల డ్రయ్యరుకి చాలదు. పిన్ను లూజుగా కూర్చుంటే అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. లండన్ బాత్‌రూముల్లో రెండు రంధ్రాల సాకెట్ గెడ్డం మిషన్లకే, దానికి డ్రయ్యరు తగిలించొద్దు.

టెక్కలి: ట్రాన్స్‌ఫార్మర్ మాట వెనక్కి తీసుకుంటాను. మరి 115/230 స్విచ్చున్న ట్రావెల్ డ్రయ్యరో?

బొబ్బిలి: అది బాగానే పనికొస్తుంది. ఆ స్విచ్చుని రూపాయి బిళ్లతోనో స్క్రూడ్రైవర్‌తోనో తిప్పాలి. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ప్లగ్గు పెట్టకముందే 230 వైపు తిప్పమని చెల్లికి చెప్పండి. 115 మీదే మర్చిపోతే స్విచ్చేసిన కాసేపటికే కాలిపోతుంది.